ముసల్దానికి రెండు సీసాలు

ఆ శనివారం పొద్దున కెమిస్ట్రీ మాస్టారికి ఉన్నవి మూడే మూడు పనులు. ముసల్దానికి స్నానం చేయించాలి, రెండు సీసాల మందు పట్టించాలి, పదింటికల్లా పొగ పరీక్షకు తీసుకెళ్లాలి. ముసల్ది అంటే ఆయన కారు.

ఆయన గురించి ఇంత చనువుగా రాస్తున్నందుకు ఏమీ అనుకోకండి. రోజూ గడ్డం గీసుకునేటప్పుడు నాకు అద్దంలో కనిపించే మనిషే. ‘నేను’ అని రాద్దామని రెండుసార్లు కూర్చున్నాను గానీ, జరిగింది తలుచుకుంటే మొహం చెల్లక ‘మాస్టారు’ అని పరాయివాణ్ణి చేసేశాను. ‘అన్నారు’, ‘విన్నారు’ అనే గౌరవం కూడా నేనే తగిలించుకున్నాను, ఇంట్లో ఎవరూ తగిలించడం లేదు కాబట్టి.

పందొమ్మిదేళ్లుగా ఆ కారు ఇంట్లో మనిషి. పుట్టిన మూడో రోజున కూతుర్ని ఆసుపత్రి నుంచి తెచ్చింది అందులోనే. ఆ కూతురికే డ్రైవింగ్ నేర్పబోయి గేటు వంచుకున్నదీ అందులోనే. ఈ మధ్య ఇంజిన్ ఆయిల్ తెగ తాగుతోంది, వీధి చివరిదాకా నీలం పొగ వదులుతోంది. పోయిన నెల భార్య ఆఖరి మాట చెప్పేసింది.

“పొగ పరీక్షలో నెగ్గిందా, ఇక నేను నోరెత్తను. ఓడిందా, ఆదివారం పాత ఇనుము అతన్ని పిలిచేస్తాను. అప్పుడు ఏడవకూడదు.”

“ఏడవను,” అన్నారు మాస్టారు. అంటూనే జేబురుమాలు వెతుక్కున్నారు.

అందుకే ఆ రెండు సీసాలు. ఇంజిన్ ఆయిల్లో కలిపే మందు అది. సీసా మీద కండలు తిరిగిన పిస్టన్ బొమ్మ, కింద ‘పాత ఇంజిన్‌కు కొత్త ప్రాణం’ అని పెద్ద అక్షరాలు. ఏడాదిగా నెలకొకటి పోస్తున్నారు. పరీక్ష కదా అని ఈసారి రెండు తెచ్చి, భోజనాల బల్ల మీద అత్తగారి టానిక్కు పక్కన పెట్టారు. అత్తగారికి వినికిడి తక్కువ గానీ చదువు ఎక్కువ. భూతద్దం పట్టుకుని అగ్గిపెట్టె మీద రాసింది కూడా వదలరు.

“నాయనా, ఈ సీసా వాడకూడదట. కింద చిన్న అక్షరాల్లో ఉంది,” అన్నారావిడ.

మాస్టారు తల చొక్కాలో ఇరుక్కుని ఉంది. “అయితే మానేయండి అత్తయ్యా. డాక్టర్ని అడిగి వేరే టానిక్కు తెస్తాను.”

“ఆఁ? నేను మానేదేమిటి, పోసేది నువ్వు కదా!”

“సాయంత్రం వచ్చి పోస్తాను లెండి,” అన్నారు. రోజూ ఆవిడ టానిక్కు చెంచాలో పోసి ఇచ్చేది ఆయనే మరి. ఆ మాట అనేసి, పిస్టన్ బొమ్మ సీసాలు రెండూ తీసుకెళ్లి ఇంజిన్లో చివరి చుక్క దాకా వంచేశారు. నెలకొకటి పోస్తేనే ఇన్నాళ్లూ నడిస్తే, ఒకేసారి రెండు పోస్తే ఎగిరిపోదూ అనుకున్నారు. కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేసిన బుర్ర అది.

పొగ పరీక్ష చేసే షెడ్డు మెకానిక్ మాస్టారి పాత విద్యార్థే. ఇప్పుడు నలభై దాటింది, బొజ్జ వచ్చింది, మాస్టారిని చూస్తే మాత్రం ఇంకా చేతులు కట్టుకుంటాడు. గొట్టంలో పుల్ల పెట్టి మిషను వంక చూశాడు. మిషను మీద చరిచి మళ్లీ చూశాడు.

“ఏం పోశారు సార్ దీన్లో?”

“చిన్న బలం మందు. ఏడాదిగా పోస్తున్నాను. ఇవాళ రెండు సీసాలు.”

మెకానిక్ నెత్తి గోక్కున్నాడు. “పొగగొట్టంలో కన్వర్టరని ఉంటుంది సార్. లోపల తేనెపట్టులా గదులు, వాటికి ప్లాటినం పూత, అదే ఉత్ప్రేరకం. పొగలో ఉన్న చెడునంతా అదే విరిచేస్తుంది. మీ బండి ఆయిల్ తాగుతోందా? ఆయిల్‌తోపాటు మీ మందూ కాలింది. అందులో ఉన్న ఫాస్ఫరస్, జింకు వెళ్లి ఆ పూత మీద అట్టకట్టేశాయి. ఇక దానికి ఊపిరేం ఆడుతుంది? విషం ఎక్కేసింది సార్.”

“విషమా?”

మెకానిక్ చేతులు కట్టుకుని, కళ్లు మూసుకుని, గడగడా అప్పజెప్పాడు. “ఉత్ప్రేరకం చురుకుదనాన్ని తగ్గించే లేదా పూర్తిగా నిలిపివేసే పదార్థాన్ని ఉత్ప్రేరక విషం అంటారు. మీరే చెప్పారు సార్. పరీక్షలో ‘ఉత్ప్రేరకాన్ని చంపేది’ అని రాశానని సున్నా వేసి, వంద సార్లు రాయించారు.”

మాస్టారికి చెవులు ఎర్రబడ్డాయి. ఇరవై ఆరేళ్లుగా ఏటా చెబుతున్న పాఠం. బోర్డు మీద ప్లాటినం బొమ్మ వేసి, దాన్ని తుడిచి, చేతులు దులుపుకుని, ఇంటికి వచ్చి అదే ప్లాటినానికి నెలనెలా విషం పోశారు. బోర్డు మీద ఉన్నదీ బండి కింద ఉన్నదీ ఒకటేనని ఒక్కనాడూ తట్టలేదు. అంతకంటే పెద్ద బాధ ఇంకోటి. ముసల్ది ఓడిపోయింది.

వెంటనే చెప్పేస్తే తిట్లు కాస్త తగ్గుతాయని భార్యకు ఫోన్ చేశారు. ఆవిడ మీటింగులో ఉంటే ఆఫీసులో పక్క సీటావిడ ఎత్తింది. షెడ్డులో గాలి కొట్టే మిషను రొద. మాస్టారు గొంతు చించుకున్నారు.

“ముసల్దానికి విషం ఎక్కిందని చెప్పండి! నేనే పోశాను! రెండు సీసాలు! ఊపిరాడటం లేదు!”

“అయ్యో! ఇప్పుడెలా అండీ?”

“ఎలా ఏముంది, తప్పంతా నాదే. ఆదివారం దాకా ఆగక్కర్లేదు, ఇవాళే పంపించేద్దాం అన్నానని చెప్పండి!”

“ఎక్కడికండీ?”

“అన్నీ చివరికి ఎక్కడికి పోతాయో అక్కడికే!” అంటూ మాస్టారు కళ్లు తుడుచుకున్నారు. ఫోన్‌లో ఛార్జింగు కూడా అక్కడితో అయిపోయింది.

పక్క సీటావిడ మీటింగు తలుపు తోసుకుని వెళ్లి, “మీ ఆయన ఇంట్లో ముసలావిడకి విషం పోశారట, రెండు సీసాలట, ఒప్పేసుకున్నారు!” అంది. భార్య మొగుడికి ఫోన్ చేస్తే స్విచ్చాఫ్. ఇంటికి చేస్తే, చెవి మిషను తీసి పడుకున్న అత్తగారికి వినపడలేదు. ఆవిడ అంబులెన్సుకు ఫోన్ చేసి, చెప్పులు కూడా వేసుకోకుండా ఆటో ఎక్కింది.

మాస్టారు ముసల్దాన్ని బుజ్జగించుకుంటూ సందు మొదటిదాకా తెచ్చేసరికి వెనక సైరన్ వినిపించింది. దారి ఇవ్వాలని గబగబా పక్కకు తిప్పారు. ముసల్ది ఒక్క దగ్గు దగ్గి సందుకు అడ్డంగా ఆగిపోయింది.

“తియ్యండి సార్! లోపల ముసలావిడ విషం తాగింది!” అని అరిచాడు అంబులెన్సు డ్రైవరు.

“అయ్యో పాపం! ఏ ఇల్లు బాబూ?”

డ్రైవరు ఇంటి నంబరు చెప్పాడు. మాస్టారు కారు అక్కడే వదిలేసి, అత్తయ్యా అత్తయ్యా అని అరుస్తూ పరుగెత్తారు. నిజం చెప్పొద్దూ, ఆ వంద గజాలూ ఏడుస్తూనే పరుగెత్తాను. క్షమించాలి, పరుగెత్తారు.

గేటు దగ్గర ఆటో దిగిన భార్య చొక్కా పట్టుకుంది. “మా అమ్మకేం పోశారండీ?”

“నేనేం పోశాను? సాయంత్రం పోస్తానన్నాను, అంతే!”

స్ట్రెచర్ మోసుకొచ్చిన వాళ్లిద్దరూ ఒక అడుగు వెనక్కి వేశారు. అంతలో తలుపు తెరుచుకుంది. చెవిలో మిషను సర్దుకుంటూ అత్తగారు, ఒక చేతిలో భూతద్దం, ఇంకో చేతిలో చెత్తబుట్టలోంచి తీసిన ఖాళీ సీసా.

“పొద్దున్నే చెప్పాను, ఈ సీసా వాడొద్దని. వింటేగా! ‘కన్వర్టరు ఉన్న వాహనాలలో వాడరాదు’ అని ఇక్కడ చక్కగా రాసి ఉంటే!”

భార్య మెట్టు మీద కూలబడి, ముందు ఏడ్చి, తర్వాత నవ్వి, మళ్లీ ఏడ్చింది. తేరుకున్నాక జరిగిందంతా తల్లికి చెప్పింది. అత్తగారు అన్నీ విని ఒక్క మాట దగ్గర ఆగిపోయారు.

“ఊపిరాడటం లేదని ముసల్దాన్ని ఇవాళే పంపించేద్దాం అన్నాడా?”

“కారునమ్మా!”

“కారైతే మాత్రం? పందొమ్మిదేళ్లు చాకిరీ చేసినదానికి విషం పోసింది మీరు, ఇల్లు వదిలి పోవాల్సింది అదా? ఆ కన్వర్టరేదో కొత్తది వేయించండి, ఆ ఆయిల్ తాగే రోగమూ బాగు చేయించండి. అది పోతే దాని వెనకే నేనూ పోతాను.”

కాసేపటి క్రితమే తల్లి పోయిందనుకున్న మనిషి ఆ మాటకు ఎలా ఎదురు చెబుతుంది? పాత ఇనుము అతనికి కబురు వెళ్లలేదు.

బండి లాక్కెళ్లడానికి వచ్చిన మెకానిక్ మాత్రం ఒక షరతు పెట్టాడు. చేతులు కట్టుకునే పెట్టాడు. “ఆ నిర్వచనం వంద సార్లు రాసి తెండి సార్. అది చూశాకే బండి ఇస్తాను.”

ఆదివారమంతా కూర్చుని మాస్టారు రాశారు. అత్తగారు భూతద్దం పెట్టి లెక్కపెడితే తొంభై ఎనిమిదే తేలాయి. మిగతా రెండూ నేను రాశాను.