నడిమిలోయ కుందేలు, రెండు టోపీలు

మంచుకొండల మధ్య, దేవదారు చెట్లు దట్టంగా పెరిగిన ఒక పెద్ద అడవిలో నడిమిలోయ అనే కుందేళ్ల సీమ ఉండేది. దానికి పడమట ఎలుగుబంటి రాజ్యం, తూర్పున తోడేలు రాజ్యం. లోయ నాదంటే నాదని ఇద్దరు రాజులూ తాతలనాటి నుంచి కొట్టుకుని, అలిసిపోయి, చివరికి నడుమ పారే వాగును సరిహద్దు చేసుకున్నారు. కుందేళ్లను మాత్రం ఎవరూ అడగలేదు.

చెవులయ్య అనే కుందేలు బొరియ ఆ వాగు అడుగు నుంచి పోయేది. ఒక ద్వారం పడమటి గట్టున, ఇంకొకటి తూర్పు గట్టున.

కొన్నాళ్లకు పడమటి గట్టుకు నక్క అధికారి పుస్తకం పట్టుకుని వచ్చాడు.

"నువ్వు ఎవరివాడివోయ్?"

"పుట్టుకతోనే ఎలుగు ప్రభువులవాణ్ణి దొరా!"

నక్క మురిసిపోయి చలికాలానికి గడ్డిమోపు ఇప్పించాడు. చెవులయ్య బొరియలో దూరి తూర్పు గట్టున తేలాడు. అక్కడ అడవిపిల్లి అధికారి అదే అడిగాడు.

"పుట్టుకతోనే తోడేలు ప్రభువులవాణ్ణి దొరా!"

ఇంకో మోపు వచ్చింది.

"ఇది ఎక్కడికి పోయి తేలుతుందో," అంది భార్య దూదమ్మ.

"పిచ్చిదానా, రెండు మోపులూ తేలింది మన వంటింట్లోనేగా!" అన్నాడు చెవులయ్య నములుతూ.

మంచు కరగగానే రెండు వైపుల నుంచీ తాఖీదులు వచ్చాయి. ఇంటికొకరు సరిహద్దు కాపలాకు రావాలట. ఎలుగు కొలువు ఆకుపచ్చ టోపీ ఇచ్చింది, తోడేలు కొలువు ఎర్ర టోపీ ఇచ్చింది.

ఇక చెవులయ్య బతుకంతా పరుగే. ఈ గట్టున "ఎవర్రా అక్కడ?" అని గద్దించేవాడు. బొరియలో దౌడు తీసి, టోపీ మార్చి, ఆ గట్టున "నువ్వెవడివిరా?" అని బదులిచ్చేవాడు. వారం తిరిగేసరికి ఎముకలు తేలాయి.

అంతలో రెండు కొలువుల నుంచీ ఒకే రోజు ఆజ్ఞ దిగింది: ఎదుటి గట్టు కాపలావాణ్ణి పట్టి తెండి!

"నిన్ను నువ్వే పట్టుకుంటావా?" అంది దూదమ్మ.

చెవులయ్యకు ఏడుపొచ్చింది. వాగు మధ్య రాయి ఎక్కి, ఇద్దరు అధికారులనూ పిలిచి, రెండు టోపీలూ కింద పెట్టేశాడు.

"దొరలూ, గడ్డి మీద ఆశతో అబద్ధమాడాను. నేను ఎవరివాణ్ణీ కాను. ఈ లోయవాణ్ణి."

అధికారులిద్దరూ పుస్తకాలు తిరగేశారు. ఎలుగువాళ్లకు ఒక గడి ఉంది, తోడేలువాళ్లకు ఒక గడి ఉంది. లోయవాళ్లకు గడి లేదు.

"అయితే నువ్వు పరాయివాడివి," అన్నాడు నక్క.

"సాయంత్రంలోగా బొరియ ఖాళీ చెయ్యి," అన్నాడు అడవిపిల్లి. ఆ ఇద్దరికీ మాట కలవడం అదే మొదటిసారి.

గట్టున నిలబడి చూస్తున్న దూదమ్మ ముందుకొచ్చింది.

"అయ్యా, శత్రువు దొరికితే ఎక్కడ పెడతారు?"

"ఖైదులో. ఇంకా కట్టలేదు. ప్రస్తుతానికి ఏదో ఒక బొరియలో," అన్నాడు నక్క.

"అయితే ఇడుగో మీ ఇద్దరి శత్రువు, రెండు గట్ల కాపలావాడూ ఈయనే. నేనే పట్టించాను. మీరు చెప్పినట్టే మా బొరియ ఖాళీయే. తిండి మాత్రం మీరు పంపాలి."

అధికారులు ఎగిరి గంతేశారు. శత్రువును తామే పట్టామని ఎవరి రాజుకు వాళ్లు రాసుకున్నారు. చెవులయ్య తన మంచం మీదే ఖైదీ అయ్యాడు. మర్నాటికి లోయలోని కుందేళ్లన్నీ "మమ్మల్నీ పట్టుకోండి దొరా!" అంటూ వాగు ఒడ్డున బారులు తీరాయి.

నీతి: పుట్టిన ఇంట్లో నిశ్చింతగా ఉండాలంటే, ముందు ఎవరికో ఒకరికి శత్రువుగా నమోదు కావాలి.