మా సందులో ఒంటరి హంతకుడు

చౌకగా చుట్టేసే హంతకుల సినిమాలు సమాజానికి చేటని పెద్దలు అంటున్నారు. ఆ పెద్దలెవరూ టోండోలో ఉండరు. ఉంటే ఆ మాట అనరు. మనీలా నగరంలో మా మూలకు ఆ సినిమాలే మునిసిపాలిటీ, అవే ఆసుపత్రి!

మా సందు మురిక్కాలువ ఎప్పుడు బాగుపడింది? ఎన్నికలప్పుడా? కాదు. హంతకుడు అందులోంచి పాకుతూ పారిపోయే సీను పెట్టినప్పుడు. నటుడికి జ్వరమొస్తే షూటింగు ఆగిపోతుందని ప్రొడ్యూసరు మనుషుల్ని పెట్టి కాలువ కడిగించాడు. తీరా కడిగాక అది మురిక్కాలువలా లేదని డైరెక్టరు గొడవ పెట్టుకుంటే కాఫీపొడి కలిపిన నీళ్ళు పోశారు. ఆ ఏడు దోమలు పక్క సందుకి వెళ్ళిపోయాయి.

రక్తపోటు ఉన్నవాళ్ళను డాక్టరు విశ్రాంతి తీసుకోమంటాడు. ఎవరు తీసుకుంటారు? అదే శవం వేషమిస్తే మధ్యాహ్నమంతా కదలకుండా పడుకుంటారు. పైగా భోజనం కూడా. గోడ తగాదాతో మాటల్లేని ఇద్దరు ఇరుగుపొరుగువాళ్ళు ఒకే కత్తికి చచ్చి, పక్కపక్కనే పడుకుని, షాటుకీ షాటుకీ మధ్య రాజీపడ్డారు. ఏ కోర్టు చేయగలదండీ ఈ పని?

ఈ సినిమాల్లో హంతకుడు ఊరికే చంపడు. లోకం అతన్ని పట్టించుకోదు, అందుకని చంపుతాడు. కాబట్టి అతనికో ఒంటరి గది కావాలి. టోండోలో ఒంటరి గది ఎక్కడ దొరుకుతుంది?

డైరెక్టరు లియాండ్రో, పురింగ్ అనే ఆవిడ ఇంటి మేడగది ఎంచుకున్నాడు. అందులోంచి ముందు ఆవిడ చెల్లెలి సంసారాన్ని, కుట్టుమిషన్‌ను, పందెంకోడిని దించాల్సి వచ్చింది. దిగినవాళ్ళంతా మెట్లమీద కూర్చుని, హంతకుడు లోపల ఒంటరిగా ఉండటం చూశారు. అతను గోడకేసి తల బాదుకుంటే కోడి కూసింది. పాప పడుకుంది, కాస్త మెల్లగా బాదుకోమని పక్కింటివాళ్ళు కబురు పెట్టారు.

బడ్జెట్టు చాలక, కింద అదే ఇంటిని హతురాలి ఇల్లు కూడా చేశారు. హతురాలు పురింగే.

పొద్దున్న బజార్లో కూరగాయలు అమ్ముకునే పురింగ్, ఈ సినిమాల్లో హత్యకు గురైనన్నిసార్లు మా సందులో మరెవరూ గురికాలేదు. కత్తితో చంపారు, తాడుతో చంపారు. స్నానాల తొట్టిలో ముంచి చంపినప్పుడే ఆవిడ అలాంటి తొట్టిని మొదటిసారి చూసింది. కూతురు చచ్చిన ప్రతి సినిమాకీ తల్లి సెలింగ్ అవ్వ తప్పక వెళ్తుంది. అవ్వకు చూపు పోయింది. కూతురి చెయ్యి పట్టుకుని హాల్లో కూర్చుని వింటుంది.

వినడానికేముంది? హత్యకు గురయ్యేవాళ్ళకు మాటలుండవు, కేకలే. ఆ కేకలు కూడా తరువాత స్టూడియోలో ఇంకెవరో ఒకావిడ వేస్తుంది. ఒకసారి హాలంతా అదిరే కేక వినిపిస్తే అవ్వ కూతురి చెయ్యి నొక్కి, "ఇది నీదేనా?" అని అడిగింది.

"కాదమ్మా. అది నన్ను చంపినవాడిది" అంది పురింగ్.

అందుకని ఈసారి తనకు ఒక్క మాట ఇమ్మని పురింగ్ లియాండ్రోను అడిగింది. అమ్మ ఒక్కసారి తన గొంతు విని, ఇదిగో నా కూతురు అనుకోవాలి. అంతే. లియాండ్రో కుదరదన్నాడు. హతురాలంటే సమాజమట, సమాజం మౌనంగా ఉంటుందట. మా సందులో సమాజం మౌనంగా ఉన్న పూట ఏదో చూపించమంది పురింగ్. షూటింగు జరిగినన్నాళ్ళూ అతను తిన్నది ఆవిడింట్లోనే. ఒకరోజు చేపల పులుసు రెండోసారి వడ్డించుకుంటూ ఇక కాదనలేకపోయాడు. మాట ఇచ్చాడు. "ఎవరది?" అనాలి.

ఇంట్లో పురింగ్ అదే పనిగా సాధన చేసింది. పోలీసులా అంటున్నావు, ఇంకాస్త మెత్తగా అనమని అవ్వ దిద్దింది.

ఆ సీనులో పురింగ్ వాకిట్లో బల్ల దగ్గర కూర్చుని ఎండుచేపతో అన్నం తింటుంటుంది. ఆర్నుల్ఫో, అంటే హంతకుడు, కత్తితో వస్తాడు. ఆవిడ తలెత్తి ఆ మాట అనాలి.

మేము తింటుండగా ఎవరైనా అటు వస్తే పిలుస్తాం. మర్యాదకని కాదు. తుమ్ములాగా, ఆపినా ఆగదు. పురింగ్ తలెత్తింది. మనిషి కనిపించాడు.

"రా తమ్ముడూ, భోంచేద్దువుగాని" అంది.

ఆర్నుల్ఫో కూడా ఈ ఊళ్ళో పుట్టినవాడే. కత్తి వెనక్కి పెట్టుకుని, "ఇప్పుడే తిన్నానక్కా, మీరు కానివ్వండి" అని వెళ్ళిపోయాడు.

మళ్ళీ తీశారు. ఈసారి పురింగ్ పళ్ళ బిగువున ఆపుకుంది. కానీ బల్లకింద అప్పటికే చచ్చి పడి ఉన్న పక్కింటాయన పిలిచాడు. ఆయన్ని మందలించి ఇంకోసారి తీస్తే ఎదురు మేడమీదినుంచి ఎవరో పిలిచారు.

లియాండ్రో తల పట్టుకుని బల్లమీద కూర్చున్నాడు. "అక్కా, వాణ్ణి ఎవరూ పిలవరు. అందుకే కదా వాడు చంపుతున్నాడు."

"పిలవకుండా ఎట్లా తింటాం బాబూ? ముద్ద దిగొద్దూ?"

"పిలిస్తే నా కథే లేదు."

"అయితే కథలో ఆ రోజు నన్ను ఉపవాసం ఉండనియ్యి."

వెలుతురు పోతోంది. మొదట తీసిన షాటే ఉంచుకుని, కత్తిపోటు విడిగా తీసుకున్నాడు. నీ మాట ఉందిలే, నేను రాసినదానికన్నా బాగుందని పురింగ్‌తో చెప్పాడు. బల్ల దగ్గర కంచం చప్పుడు వినపడగానే చెవి పెట్టమని ఆవిడ తల్లితో చెప్పింది.

సినిమా వచ్చింది. సందంతా వెళ్ళాం. కంచం చప్పుడైంది. తెరమీద పురింగ్ తలెత్తింది. పెదవులు కదిలాయి. వాటిమీద వయొలిన్, వయొలిన్‌మీద ఆర్నుల్ఫో గొంతు: "ఈ నగరంలో నన్నెవరూ పలకరించలేదు. రా, ఒక్క ముద్ద తిను అని ఒక్కరూ పిలవలేదు." ఆ తరువాత కత్తి, స్టూడియో ఆవిడ కేక.

కదిలే పెదవులు, వినిపించని మాట, ఇదే నేటి సమాజమని పత్రికలు మెచ్చుకున్నాయి. నేనూ ఒప్పుకుంటాను. హంతకుడికి చిన్నతనం ఉంది, సవతి తండ్రి ఉన్నాడు, వాన ఉంది, వయొలిన్ ఉంది. మధ్యలో చచ్చేవాళ్ళు కూడా మాట్లాడితే ప్రేక్షకులకు గందరగోళం కాదూ? వాళ్ళ పని చావడం. అదైనా ఆవిడ చక్కగా చేసింది.

హాల్లో సెలింగ్ అవ్వ కళ్ళు తుడుచుకుంది.

"పాపం పిల్లాడు. మన సందుకి వచ్చినా పోయేదే. ఇంత అన్నానికి పిలిచేదానివి."

"పిలిచానమ్మా."

"మరి నాకు వినపడలేదే" అంది అవ్వ.