రమణమ్మగారి పాటకు ఎర్రలైటు మర్యాద

గోదావరి లంకల్లో మర్యాదకు లోటు జరిగిందని ఇంతవరకు ఎవరూ ఫిర్యాదు చేయలేదు. ఆ పేరు చెడకూడదన్న సదుద్దేశంతోనే రాజోలు దగ్గర ఒక లంక ఊరిలో పెద్దలందరూ కలిసి రమణమ్మగారి పాటకు ఘనంగా మర్యాద చేశారు. పాట దాన్ని తట్టుకోలేకపోయింది. అది పాట బలహీనత గాని పెద్దల తప్పు కాదు.

సంగతేమిటంటే, రమణమ్మగారికి మెడ కింద గడ్డ లేచింది. అమలాపురం డాక్టరు సోమవారం ఆపరేషన్ పెట్టి, గొంతు మునుపటిలాగే ఉంటుందని మాట ఇవ్వలేనన్నాడు. గొంతు కోసం ఆవిడ బెంగపెట్టుకోలేదు. కోడలిని పిలవాలంటే గిన్నె మీద గరిటెతో కొట్టినా సరిపోతుంది. బెంగంతా నీటికాకి పాట మీద. వాళ్లమ్మ ఊడ్పుల్లో పాడిన పాట అది. గట్టు మీద చేపలగంపతో వెళ్తున్న అత్తగారిని నీటికాకి ఒక్క చేప అడుగుతుంది. ఆవిడ లేదంటుంది. కాకి మళ్లీ అడుగుతుంది, ఆవిడ మళ్లీ లేదంటుంది. ఆఖరి చరణంలో కాకి ఒక మాట అంటుంది. ఆ మాటకు చేలో ఆడవాళ్లు నారుకట్టలు వదిలేసి నవ్వేవారు. ఆ చరణం ఇప్పుడు రమణమ్మగారికి తప్ప ఎవరికీ రాదు. మనవరాళ్లు నేర్చుకుంటామని అంటూనే ఉన్నారు. చిన్నప్పటినుంచీ అంటున్నారు.

వంటింట్లో గట్టు మీద ఒక ఫోను పెట్టి పాడించేస్తే అయిపోయేది. కానీ అంత తేలిగ్గా అయిపోతే పెద్దలేం కావాలి? అందుచేత పాట పరిరక్షణ సంఘం ఏర్పడింది. అధ్యక్షులు కొబ్బరితోటల కేశవరావుగారు. ముఖ్యవక్త రిటైర్డ్ హెడ్మాస్టరు కృపానందంగారు. ఆదివారం మధ్యాహ్నం షామియానా, స్టేజీ, శాలువా, పనసపొట్టు కూరతో భోజనాలు. సౌండు, రికార్డింగు జీవన్‌వి. ఆ చుట్టుపక్కల పెళ్లికైనా, చర్చిలో కూడికకైనా అతని మైకులే.

సభకు ముందు జీవన్ మిక్సరు దగ్గర కూర్చుని, రమణమ్మగారి చేత రెండు ముక్కలు పాడించి, ఒక బొత్తం కొద్దిగా తిప్పాడు. గొంతు ఎంత ఎత్తు వెళ్లిందో చూపే పచ్చలైట్లు ఆడాయి. ఆవిడ గొంతెత్తిన చోట పసుపు లైటు దాకా వెళ్లి వెనక్కు వచ్చాయి.

"పైన ఆ ఎర్రది వెలగదేం నాయనా?"

"వెలక్కూడదండి మామ్మగారూ. వెలిగిందంటే గొంతు పగిలి బర్రుమంటదండి. పాలగిన్నెలో పైన కాస్త జాగా ఉంచుతారు కదండీ, పొంగితే ఒలక్కుండా? ఇదీ అంతేనండి."

"ఆయ్. అయితే అక్కడే ఉంచు."

ఆవిడ పాలు కాచిన మనిషి గనక వెంటనే అర్థమైంది. సంఘం వారంతా పాలు తాగినవారు.

చప్పట్లు కూడా రికార్డు కావాలని ఇంకో మైకును జీవన్ వంటశాల వైపు గుంజకు కట్టాడు. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. ఈ సంగతి కాస్త గుర్తుంచుకోండి.

సభ మొదలైంది. కృపానందంగారు మాట్లాడుతుంటే కేశవరావుగారు మిక్సరు దగ్గరకు వచ్చి లైట్లు చూశారు.

"ఇదేంటయ్యా జీవన్, మేష్టారికి పచ్చలైటేనా? పైన ఎర్రది ఖాళీగానే ఉంది కదా, అది ఎవరికోసం దాచేవు?"

"చాలండి. ఇంక వద్దండి."

అక్కడే వచ్చింది చిక్కు. గోదావరి జిల్లాల్లో 'చాలు' అన్న మాటను నమ్మినవాడు లేడు. ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టి చాలు మొర్రో అంటుంటే వేళ్ల సందుల్లోంచి నెయ్యి పొయ్యడమే ఇక్కడి సంస్కారం. కేశవరావుగారు స్వయంగా వడ్డించారు. ఎర్రలైటు వెలిగింది. కృపానందంగారి ఉపన్యాసం మండపేట రైసుమిల్లులా గర్జించింది. మేష్టారు ఇంత నిప్పులు చెరుగుతారని ఎవరూ అనుకోలేదు, చప్పట్లు మోగాయి.

అధ్యక్షుల వంతు వచ్చింది. ముఖ్యవక్తకు ఎర్రలైటు వెలిగాక అధ్యక్షులకు పచ్చలైటు పెట్టడం ఏ గ్రామంలోనూ జరగదు. వచ్చే నెల కేశవరావుగారింట్లో పెళ్లికి సౌండు జీవన్‌దే గనక, "ఆయ్, అలాగేనండి" అన్నాడు.

"రమణమ్మగారు మన ఊరి గొంతు! ఈ గొంతును కాపాడుకోవడం మన బాధ్యత! రేపటి తరాలు..." అన్నంతవరకు మాటలు తెలిశాయి. తరువాత తరాలన్నీ బర్రులో కలిసిపోయాయి.

చివరికి రమణమ్మగారు మైకు ముందుకు వచ్చారు. సభే ఆవిడకోసం అయినప్పుడు ఆవిడకు తక్కువ చేస్తే ఊరి పరువేం కాను? కేశవరావుగారు బొత్తాన్ని అది తిరిగినంతా తిప్పారు. ఆవిడ దగ్గితేనే ఎర్రలైటు నిలబడిపోయింది.

"కేశవరావు బాబూ, చాలు. తగ్గించండి."

"అబ్బెబ్బే, మీరు మొహమాటపడకండి రమణమ్మగారూ!" అంటూ ఆయన పక్కనున్న మీటను కూడా పైకి తోశారు.

ఇంక ఆవిడేం చేస్తుంది? రేపు ఆపరేషన్. కళ్లు మూసుకుని మొత్తం పాడింది. ఆఖరి చరణం కూడా పాడి, తనే నవ్వింది. షామియానా అదిరింది. అప్పటికి పనసపొట్టు కూర దించారు.

ఆపరేషన్ బాగా జరిగింది. రమణమ్మగారు గుసగుస మాత్రమే మిగిలిన గొంతుతో ఇంటికి వచ్చారు. సంఘం వారంతా ఆవిడను చూసినట్టూ ఉంటుంది, రికార్డింగు విన్నట్టూ ఉంటుందని వాళ్ల ముందుగదిలో ఆవిడ మంచం చుట్టూ చేరారు. జీవన్ స్పీకరు పెట్టాడు. ఉపన్యాసాలు, బర్రు. పాట, బర్రు. ఆవిడ చెయ్యి మెడ మీది కట్టు దగ్గరే ఆగిపోయింది.

"చప్పట్ల మైకుది విడిగా పడిందండి. అందులో ఏమైనా..." అన్నాడు జీవన్.

ఆ మైకుకు ఎవరూ మర్యాద చెయ్యలేదు గనక బతికిపోయింది. గాజులు కదిలినా తెలుస్తోంది. ఎక్కడో దూరాన బర్రు. దాని మీద, పక్కన కూర్చుని చెప్పినంత స్పష్టంగా:

"ఇంకా ఎన్ని చరణాలుంటాయంటావే?"

"పాట రేపైనా వినొచ్చు గానీ, ముందు కుర్చీ పట్టుకో. కూర అటేపు అయిపోతంది."

"ఈవిడకి ఆపరేషన్ నిన్న పెట్టాల్సిందండీ బాబూ!"

జీవన్ గబుక్కున స్పీకరు ఆపాడు. సిగ్గుపడతారేమో అని మీరు అనుకుంటారు.

"అదిగో, అది నేనే!" అన్నారు కేశవరావుగారి భార్య భవానీదేవి.

"ఆ కుర్చీ మాట మాదండీ! ఎంత క్లియర్‌గా పడిందో!"

"మళ్లీ ఒక్కసారి పెట్టవయ్యా!"

మళ్లీ పెట్టాడు. మళ్లీ మళ్లీ పెట్టాడు. రికార్డింగు దిగ్విజయంగా జరిగిందనీ, జీవన్‌కు శాలువా కప్పాలనీ సంఘం అక్కడికక్కడే తీర్మానించింది. ఆ సందడిలో కృపానందంగారు, ఎంతైనా మంచిమనిషి, మంచం మీదికి వంగి అడిగారు: "ఇంతకీ ఆఖర్న నీటికాకి ఏమందండీ?"

రమణమ్మగారి మొహం వెలిగింది. కట్టు సర్దుకుని, ఉన్న ఊపిరంతా కూడదీసుకుని, ఆఖరి చరణం గుసగుసగా మొత్తం చెప్పింది. కాకి మాట దగ్గర నవ్వింది కూడా. కృపానందంగారు "ఆయ్, ఆయ్" అని తల ఊపారు. ఒక్క ముక్క వినబడలేదు. మళ్లీ చెప్పమనడం మర్యాద కాదు.

మీరూ ఆ మంచం పక్కనే ఉన్నారు కదండీ. చెప్పకూడదు గానీ, ఆ రికార్డింగులో, వంటశాల వైపు, మీ గొంతు కూడా చాలా క్లియర్‌గా ఉంది.