ప్రెసిడెంటు గారి పగడాల పురుగులు

"ఇకమీదట ఈ భవనంలోకి మనుషులు రావచ్చు, పోవచ్చు, పురుగు మాత్రం అడుగు పెట్టరాదు!"

సికింద్రాబాదు బోయిగూడలోని సాగరిక అపార్ట్‌మెంట్ సంక్షేమ సంఘం అధ్యక్షుడు దయాకర్ మేడ మీద నిలబడి చేసిన మహా ప్రకటన ఇది. ఎదురుగా మూడో అంతస్తు విమలమ్మ, ఆమె పాత చీర, ఆ చీర మీద ఎండబోసిన బియ్యం, ఎండకు తాళలేక పిట్టగోడ వైపు వలసపోతున్న పురుగులు. ఇంతే సభ!

"బియ్యమన్నంక పురుగు పట్టదా బిడ్డా? ఎండకు పెడితే అవే పోతయ్."

"యాడికి పోతయ్ పెద్దమ్మా? పక్కోళ్ల ఇండ్లల్లకే గదా! రేపు ఆదివారం మా ఇంట్ల మీటింగు. పర్మనెంట్ రూల్ పెడుతున్న."

విమలమ్మ బియ్యం మూట కట్టుకుని దిగిపోయింది.

మీటింగులన్నీ దయాకర్ ఇంట్లోనే జరగడానికి కారణం హాల్లో ఉన్న గోడంత గాజుతొట్టి. ఉప్పునీళ్లు, ప్రాణమున్న పగడాలు, రంగురంగుల చేపలు! సికింద్రాబాదుకు సముద్రం లేని లోటును తానొక్కడే పూడుస్తున్నట్టు తిరిగేవాడు. గుమ్మం దాటిన ప్రతి మనిషికీ టీ, ఆ మనిషి చూస్తుండగా చేపలకు మేత. అదీ ఆ ఇంటి మర్యాద. గ్యాసు బండ తెచ్చినవాడిని కూడా చేపల భోజనం చూపించనిదే పంపేవాడు కాదు. నేత అన్నాక మేత వెయ్యొద్దూ!

మేడ దిగి ఇంట్లో అడుగు పెట్టేసరికి భార్య కల్పలత కేక.

"ఏమండీ! ఈ రాళ్ల సందులల్ల ఎర్రగ, జెర్రి లెక్క ఏందో పాకుతుంది!"

దయాకర్ వంగి చూశాడు. రాయి రాయికీ ఒక కుటుంబం కాపురముంది! ఎవరినైనా అడుగుదామంటే, చేపలు పెంచేవాళ్ల వాట్సాప్ గ్రూపులో అందరూ అడిగేది తననే. చివరికి తాను ఎవరికో ఇచ్చిన సలహానే వెతికి, గురుభక్తితో చదువుకున్నాడు: "మిగిలిన మేత తిని ఈ పురుగులు పెరుగుతాయి. మేత తగ్గించండి. రొయ్యముక్క ఎర వేసి పట్టండి. చేత్తో ముట్టకండి, ఒంటి మీది నూగు గుచ్చుకుంటుంది."

ఎంత గొప్ప సలహా! ఇచ్చినవాడు తప్ప అందరూ పాటించి ఉంటారు.

మేత బందు పెట్టాడు. మోండా మార్కెట్ నుంచి రొయ్యలు తెచ్చాడు. మూతకు చిల్లులు పొడిచిన డబ్బాలో ముక్క వేసి తొట్లోకి దించాడు. కొన్ని లోపలికి వెళ్లాయి. ఒకటి మాత్రం మూత మీద పడుకుని ఆలోచనలో పడింది. రేపటి మీటింగు కళ్లముందు మెదిలింది. అధ్యక్షుడు ఆగలేక చెయ్యి పెట్టి పట్టేశాడు!

ఆ కేకకు చిలకలగూడ దాకా కుక్కలు మొరిగాయి.

ఆదివారం అందరూ వచ్చారు. దయాకర్ కుడిచేతికి తువ్వాలు.

"ఏమైంది సార్?" అన్నాడు సెక్రటరీ రాజేందర్.

"యోగా చేస్తుంటే బెణికింది."

టీలయ్యాయి. తీర్మానం చదవబోతుంటే రాజేందర్ తొట్టి వైపు చూశాడు. "ఏంది సార్, ఇయ్యాల చేపలకు దానా లేదా? మాతోని ఏమన్న నారాజ్ అయిన్రా?"

మర్యాదకు లోటా! ఎడమచెయ్యి తనంతట తానే మేత డబ్బా అందుకుంది. మేత నీళ్లలో పడిందో లేదో, నిన్నటి నుంచి పస్తులున్న పురుగులన్నీ రాళ్లలోంచి ఊరేగింపుగా బయల్దేరాయి!

"అమ్మో, పురుగులు!" అంది విమలమ్మ.

"కాదు పెద్దమ్మా! వీటిని సఫాయి సిబ్బంది అంటరు. మిగిలింది తిని నీళ్లు సాఫ్ చేస్తయ్. ఇదంత సైన్సు!"

"అంటే బిడ్డా, ఎండల తిరిగేది పురుగు, ఏసీల ఉండేది సిబ్బందా?" అంటూ ఆమె తొట్టి మీదికి వంగింది.

"ముట్టకు పెద్దమ్మా," అంది కల్పలత. "నీ చెయ్యి సుత యోగా చేస్తది."

హాలంతా గొల్లున నవ్వింది. రాజేందర్ గొంతు సవరించుకున్నాడు. "సార్, రూల్ రూలే. మేడ మీద పురుగు బంద్! జెర ఒక్క మాట కలుపుదాం. బిల్డింగుల పురుగులకు పర్మిషన్ ప్రెసిడెంట్ ఇంట్ల మాత్రమే."

చేతులన్నీ లేచాయి. కాదంటే తన తొట్టికే ఎసరు. తువ్వాలు చుట్టిన చెయ్యి కూడా మెల్లగా లేచింది.

మర్నాడు పొద్దున్నే తలుపు చప్పుడు. విమలమ్మ! నెత్తిన బియ్యం మూట, చంకలో పాత చీర.

"నీ బాల్కనీల మస్తు ఎండ పడుతది బిడ్డా. జెర ఆ కొస పట్టు."

దయాకర్ ఎడమచేత్తో కొస పట్టాడు. బియ్యం పరిచారు. కల్పలత టీ తెచ్చింది. ఇంటికి మనిషి వచ్చిందని అలవాటుగా అతని చెయ్యి మేత డబ్బా మీదికి పోయింది.

"ఇంక దానా ఎందుకు బిడ్డా?" అంది విమలమ్మ, బియ్యంలోంచి హాలు వైపు బారులు తీరిన పురుగులను చూపిస్తూ. "మావోళ్లే వస్తున్రు గద, మీవోళ్లను చూసిపోదామని!"