తలుపు లేని కొట్టు

పొద్దున్నే విజయనగరంలో బస్సెక్కి, పది ఇరవై ముహూర్తానికి రాజాంలో పునాది ముగ్గు పోయించి, భోజనం వేళకు తిరిగొచ్చేయాలని దీపిక అనుకుంది. ఆర్కిటెక్టుగా సొంతంగా ఆఫీసు పెట్టాక దొరికిన మొదటి పని. బియ్యం వర్తకుడు కాశీవిశ్వనాథానికి కింద కొట్టు, పైన ఇల్లు. ముహూర్తం తప్పితే పని ఇంకొకరికిస్తానని ఆయన ముందే చెప్పేశాడు.

కాగితాల గోల వద్దని ఆమె ఇల్లంతా కంప్యూటర్‌లో ఒకే మోడల్‌గా కట్టింది. తనూ, ఇంజనీరూ, యజమానీ అందులోనే పని చేసుకోవచ్చు. ఒకరు గోడ జరిపితే ముగ్గురికీ జరుగుతుంది. బస్సులో ల్యాప్‌టాప్ తెరిస్తే మెట్లు కొట్టు నడిమధ్యన ఉన్నాయి, కొట్టుకి తలుపు లేదు, ఆ చోట స్తంభం ఉంది! ఇంజనీరుకు ఫోన్ చేసింది.

"ప్రమోద్ గారూ, గుమ్మంలో స్తంభమేంటండీ?"

"ఓనర్ గారు మెట్లు జరిపారు మేడమ్. ఆ మార్పు పక్కన ఆయన పేరే ఉంది. మెట్లకి తగ్గట్టు స్తంభం జరిపాను."

కాశీవిశ్వనాథానికి చేసింది.

"నాను ముట్టుకోనేదమ్మా! పాస్‌వర్డు ఇంట్లో అందరికీ సెప్పీసినాను. కొట్టు తాళాలు ఎక్కడుంటాయో అందరికీ తెలీదేటి? ఇదీ అంతే."

ఆయన భార్య సూర్యకాంతం ఫోను లాక్కుంది. "వంటిల్లు ఇరుగ్గా ఉన్నాదని మా అబ్బాయి భరణి సేత రెండడుగులు పెంపించినాను. మెట్లు అడ్డొస్తే వాడే జరిపినాడు. ఏటి తప్పు?"

తలా ఒక చెయ్యి వేస్తే పని తేలికంటారు. ఆ మాటన్న మహానుభావుడు ఈ ఇంటికి పాస్‌వర్డ్ ఇచ్చి చూడాల్సింది. దీపిక మెట్లను వెనక్కి నెట్టగానే అటు వంటిల్లు ఇంకో అడుగు పెరిగింది. "దయచేసి కాసేపు ఎవరూ ముట్టుకోకండి!" అని ఆమె అరుస్తుంటే స్నానాలగది కదిలింది. చీపురుపల్లి దగ్గర రైలు గేటు కూడా పడింది.

రాజాం చేరేసరికి పది నలభై. పని పోయినట్టేననుకుంది. స్థలంలో కొబ్బరికాయ కొట్టేసి ఉంది. తెల్లటి ముగ్గు గీతల పక్కన మేస్త్రి నూకయ్య చేతులు దులుపుకుంటున్నాడు.

"దేన్ని చూసి పోశారు నూకయ్యా?"

అతను నెల కిందటి నలిగిన ప్లాను కాగితం తీశాడు. "ఇదే కదమ్మా మీరిచ్చినారు? తరవాత ఏటీ ఇవ్వనేదు."

దీపిక టేపు పెట్టి కొలిచింది. అంగుళం తేడా లేదు, తలుపు తలుపు చోటే ఉంది.

"మరి నా రెండడుగులో?" అంది సూర్యకాంతం.

"ముహూర్తానికి పోసిన ముగ్గు సెరపకూడదే, అరిష్టం," అన్నాడు కాశీవిశ్వనాథం. దీపికకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

ఆయన గీతలన్నీ చూసి తృప్తిగా తల ఊపాడు. "సూసినావా అమ్మా, అందరం ఒకే కంప్యూటర్లో కలిసి సేస్తే పనెంత సక్కగా వస్తాదో!"

దీపిక ముగ్గు గీతలకు ఫొటో తీసుకుంది. మధ్యాహ్నం ఆఫీసుకెళ్లి, ముగ్గు ఫొటో ఎదురుగా పెట్టుకుని మోడల్ దిద్దింది.