చుక్కమ్మ తొక్కిన విమానం

ఒక పెద్ద అడవిలో, అంటే మరీ అంత పెద్దదేం కాదు లెండి, కమిటీలు ఎక్కువై అలా కనిపించేది, చుక్కమ్మ అనే దుప్పి ఉండేది. ఆ ఏడు వానలకు నేల కోసుకుపోయి అడవి మధ్యలో లోతైన గండి పడింది. చుక్కమ్మ ఇవతల, మొన్నమొన్ననే గడ్డి కొరకడం నేర్చిన కూతురు బుడిగి అవతల ఉండిపోయారు. దూకుదామంటే వెడల్పు, దిగుదామంటే అడుగున సుడులు. పొద్దుగూకితే చాలు, బుడిగి అవతలి ఒడ్డుకొచ్చి "అమ్మా!" అని అరిచేది. చుక్కమ్మ ఇవతలి ఒడ్డున అటూ ఇటూ పరుగులు పెట్టేది.

దాని బాధ చూడలేక గూళ్ళు నేసే గిజిగాడు ముందుకొచ్చాడు.

"అక్కా, నీ కాళ్ళలో సత్తువుంది. నా ముక్కులో పనితనముంది. ఎగిరిపోదువుగాని."

"నాకు రెక్కలేవిరా తమ్ముడూ?"

"నేస్తాగా!"

ఫారెస్టు బంగళా వెనక పారేసిన పాత సైకిలు పెడళ్ళు, గొలుసు దొరికాయి. సన్న వెదుళ్ళు కట్టి, అడ్డాకులు కుట్టి, ఏనుగుల మంద అడ్డంగా నిలబడినంత పొడుగు రెక్కలు చేశాడు గిజిగాడు. తొక్కేది ఒక్క ప్రాణం కాబట్టి రెక్కలు అంత ఉండాలట. ముందు తాటాకు పంకా. చుక్కమ్మ వెనక కాళ్ళతో తొక్కితే పంకా తిరగాలి, పంకా తిరిగితే విమానం లేవాలి.

"నీ ఒంట్లో బలమే పెట్రోలు. చీమంత బరువు కూడా ఎక్కువుండకూడదక్కా" అన్నాడు.

పచ్చిక బయలులో పరీక్ష పెట్టారు. చుక్కమ్మ రొప్పుతూ తొక్కింది. విమానం కుంటింది, ఊగింది, నేల వదిలింది. పుట్ట దాటి, పొద దాటి మెల్లగా దిగింది.

"లేచిందిరోయ్!" అని గిజిగాడు పల్టీలు కొట్టాడు. చుక్కమ్మ సంతోషం పట్టలేక ఏడ్చేసింది. "సాయంత్రానికి నా బిడ్డ దగ్గరుంటాను" అంది.

అంత సుఖమా? అడవి సభకు కార్యదర్శి గుంటనక్క గురవయ్య అదంతా చూడనే చూశాడు. పరుగున పోయి సభాపతి పెద్దపులి శార్దూలరావు చెవిన వేశాడు.

పులి మీసం మెలేశాడు. "మన హయాంలో విమానమా! అదీ మనకు తెలీకుండానా!"

ఇంకేం, విమానయాన కమిటీ పుట్టుకొచ్చింది. అధ్యక్షుడు ఎలుగుబంటి భీమలింగం. ఆయనకు చెట్లెక్కిన అనుభవం ఉంది, అంటే ఎత్తు సంగతి తెలుసన్నమాట. ప్రారంభోత్సవం జరిగేదాకా ఎవరూ ఎగరకూడదని తొలి తీర్మానం చేశారు.

"అయ్యా, నా బిడ్డ..." అంది చుక్కమ్మ.

"నీ బిడ్డ కోసమేనమ్మా ఇదంతా! కాకపోతే పద్ధతి ప్రకారం" అన్నాడు గురవయ్య.

ముహూర్తం నాడు విమానాన్ని గండి ఒడ్డున నిలబెట్టి, జారిపోకుండా వెనక అడవిపందులచేత పట్టించి, చుక్కమ్మను పెడళ్ళ దగ్గర కూర్చోబెట్టారు. అడవంతా చేరింది. శార్దూలరావు ఎక్కాడు. సభాపతి ఎక్కాక అధ్యక్షుడు నేల మీదుంటే ఏం మర్యాద? భీమలింగం ఎక్కాడు, దారిలో ఆకలేస్తుందని తేనెపట్టుతో సహా. ఆ ఇద్దరి మంచీచెడ్డా చూడ్డానికి గురవయ్య కూడా ఎక్కాడు. వెదుళ్ళు కిర్రుమన్నాయి.

గిజిగాడు గుండె బాదుకున్నాడు. "బరువెక్కువైందండీ! ఎవరో ఒకరు దిగాలి!"

కమిటీ అక్కడికక్కడే సమావేశమైంది. పోనీ తేనెపట్టు దించుదామా అంటే భీమలింగం గుర్రుమన్నాడు. చివరికి గురవయ్య గొంతు సవరించుకున్నాడు.

"అసలు ఈ చుక్కమ్మ ఏ హోదాలో కూర్చుంది? కమిటీలో లేదే?"

"ఆవిడేనండీ ఇంజను!" అన్నాడు గిజిగాడు.

"ఇంజనుకు ఇంత బరువెందుకయ్యా?" అన్నాడు శార్దూలరావు. "దించండి!"

దించారు. విమానం నిజంగానే తేలికైంది. కమిటీ చప్పట్లు కొట్టింది.

"మరి తొక్కేదెవరండీ?" అన్నాడు గిజిగాడు.

"నా మాట లేనిదే ఈ అడవిలో ఆకు కదలదు. ఇది ఆకులతో చేసిందే కదా!" అని శార్దూలరావు విమానం వైపు తిరిగి, "ఎగురు!" అని గర్జించాడు.

ఆ గర్జనకు హడలిపోయి, వెనక పట్టుకున్న అడవిపందులు ఒక్క తోపు తోశాయి. విమానం ఒడ్డు దాటి, గాలికి గిర్రున తిరిగి, అడ్డంగా కూలబడింది. ఒక రెక్క కొస ఇవతలి బండల్లో, రెండో కొస అవతలి బండల్లో ఇరుక్కుంది. పెద్దలు ముగ్గురూ బుడుంగుమని నీళ్ళలో పడ్డారు.

అడవి నోరెళ్ళబెట్టింది. చుక్కమ్మ మాత్రం ఆగలేదు. రెక్క మీద కాలు పెట్టింది. వెదురు వంగింది గానీ విరగలేదు. అడుగులో అడుగేసుకుంటూ అవతలి ఒడ్డు చేరింది. బుడిగి ఒక్క పరుగున వచ్చి తల్లి పొట్ట కింద దూరింది. చుక్కమ్మ దాని ఒళ్ళంతా నాకి నాకి, "నా తల్లే, నా బంగారమే!" అని భోరుమంది.

తర్వాత పెద్దలు ముగ్గురూ మునిగి తేలి ఎలాగో ఒడ్డెక్కారు. గురవయ్య తడిసిన తోక పిండుకుంటూ ప్రకటన చదివాడు. "ఒకేసారి రెండు ఒడ్ల మీదా దిగిన మొట్టమొదటి విమానం మనదే! దాన్ని కాళ్ళతో తొక్కి ఎవరూ అవమానించరాదు." అప్పటికే సగం అడవి అవతలికి నడిచివెళ్ళి తిరిగొచ్చేసింది కూడా.

ఇక నీతి అంటారా: పైకి లేవాలంటే తొక్కేవాళ్ళు ఒక్కరు చాలు, తొక్కిపెట్టడానికే కమిటీ కావాలి.