పెద్దాయన ఊరేగింపు

తొమ్మిదింటికి దుకాణం నుంచి బయలుదేరాలి. పావుగంటలో సర్కారు కచేరీ మెట్లెక్కాలి. మరో పావుగంటలో గడియారాన్ని గోడవారన నిలబెట్టి లోలకం తగిలించాలి. పదికి ఇంకా అరగంట చేతిలో ఉంటుంది. గడియారాల మేస్త్రి పొద్దున్నే పళ్ళు తోముకుంటూ వేసుకున్న లెక్క ఇది. ఆ అరగంట ఏం చేసుకోవాలో తోచక కాస్త గర్వపడ్డాడు కూడా.

ఆ గడియారం ఆరడుగుల మనిషంత ఉంటుంది. తాతల నాటి నుంచి కచేరీ ముందుగదిలో నిలబడి, నాలుగు నెలల కిందట చడీచప్పుడూ లేకుండా ఆగిపోయింది. మేస్త్రి దాన్ని దుకాణానికి తెప్పించి, పళ్ళచక్రాలన్నీ విప్పి కడిగి, అరిగిన ఇరుసులు మార్చి ప్రాణం పోశాడు. అంత వయసున్న యంత్రం ఆయన చేతికి ఎన్నడూ రాలేదు. అందుకే ఇంటిల్లిపాదీ దాన్ని 'పెద్దాయన' అనేవారు. "పెద్దాయనకి నూనె పట్టించారా?" అని భార్య అడుగుతుంటే విని, "మీ మామగారింకా ఉన్నారా!" అని పక్కింటావిడ బుగ్గలు నొక్కుకుంది.

గడువు పెట్టింది కచేరీ సూపరింటెండెంటు. ఆయన నవ్వగా చూసినవాళ్ళు లేరు. "పది దాటి ఒక్క నిమిషమైనా సరే, నీ గడియారం నాకక్కర్లేదు. గోడకో మేకు కొట్టి బ్యాటరీది తగిలిస్తాను. దీన్ని పాత సామాన్లవాడికి తోలేస్తాను" అన్నాడు. బ్యాటరీ గడియారం పేరు వింటే మేస్త్రికి ఒళ్ళు మండుతుంది. దానికి జబ్బు చేస్తే వైద్యం ఉండదు, పారెయ్యడమే. నాలుగు నెలల కష్టం తూకానికి పోతుందంటే ఆయన గుండె ఒప్పుకుంటుందా?

పడుకోబెడితే లోపలి తీగలు చిక్కుపడతాయి. కనుక పెద్దాయన్ని పలక మీద నిలబెట్టి, పలక కింద రెండు కర్రలు కట్టి, నలుగురి భుజాలకెత్తించాడు. దుమ్ము పడకుండా భార్య గుమ్మానికి వేసిన ఎర్ర తెర కప్పాడు. దానికి బంగారురంగు కుచ్చులున్నాయి.

"అది మా అన్నయ్య పెట్టిన తెర. మరకైతే మీ పెద్దాయన్నీ మిమ్మల్నీ కలిపి ఉతుకుతాను" అంది భార్య.

దారిలో సైకిళ్ళవాళ్ళు అడ్డురాకుండా దుకాణంలోని ఇత్తడి గంట పట్టుకుని మేస్త్రి ముందు నడిచాడు.

కచేరీకి పాతవీధిలోంచే పోవాలి. మేస్త్రీ, మోస్తున్న నలుగురూ పుట్టి పెరిగిన వీధి అది. వాళ్ళ చిన్నప్పుడు అందులో ఏటా దేవుణ్ణి ఊరేగించేవారు. ముందు ఎవరి గుమ్మం దగ్గర ఆగాలన్న మాట మీద పెద్దవాళ్ళు జుట్టూజుట్టూ పట్టుకున్నాక, ముప్పై ఏళ్ళుగా ఆ ముచ్చట లేదు. అప్పట్లో వీధంతా గంటమనిషి చేతిలో ఉండేది. ఒక గంట కొడితే ఆగాలి, రెండు కొడితే కదలాలి. ఎనిమిదేళ్ళ మేస్త్రి ఆ గంట ఒక్కసారి ఇమ్మని వీధి పొడుగునా వెంటపడితే, "పొడుగయ్యాక రా" అన్నాడు గంటమనిషి. మేస్త్రి పొడుగయ్యేసరికి ఊరేగింపే లేకుండా పోయింది.

వీధి మొదట్లోనే ఒక సైకిలు ఎదురొచ్చింది. మేస్త్రి ఠంగుమని గంట కొట్టాడు. వెనక నలుగురూ టక్కున ఆగారు.

"ఎందుకాగార్రా?"

"నువ్వే కదన్నా గంట కొట్టావు! ఒకటంటే ఆగడం కాదూ?" అన్నాడు ముందువాడు. వాడి బుర్ర మరిచినా భుజం మరవలేదు.

ఆగింది సరిగ్గా పూలమ్మే అవ్వ గుమ్మం ముందు. ఆమె కళ్ళ మీద చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది.

"లోపలెవర్రా అబ్బాయ్?"

"పెద్దాయన అవ్వా. నాలుగు నెలలు కదల్లేదు. నిన్ననే లేచాడు. కచేరీకి తీసుకెళ్తున్నాం."

అనేశాక గాని మేస్త్రికి గుర్తు రాలేదు. ఆ వీధిలో దేవుణ్ణి పేరు పెట్టి పిలవరు, పెద్దాయన అనే అంటారు. గడియారానికి తాను పెట్టిన పేరు ఎక్కడిదో ఆయనకు అప్పుడు తెలిసింది.

"ముప్పై ఏళ్ళకి గుర్తొచ్చామా నాయనా నీకు!" అంటూ అవ్వ పొద్దుటి బేరానికి తెచ్చుకున్న పూలబుట్ట మొత్తం తెర మీద కుమ్మరించింది. ఆ కుదుపుకి లోపల గంటసుత్తికి కట్టిన గుడ్డ ఊడి, గడియారం ఠంగుమంది. వీధంతా తలలు వంచింది.

ఎదురింటి దర్జీకి మాత్రం సగం మాటే వినబడింది. "అయ్యో, పెద్దాయన్ని తీసుకెళ్ళిపోతున్నారా!" అని మెడలోని టేపు తీసి జేబులో పెట్టుకుని, కళ్ళొత్తుకుంటూ వెనక చేరాడు. ఆయన్ని చూసి మరో పదిమంది ముఖాలు వేలాడేసుకుని నడిచారు. ముందు పూలు, వెనక కన్నీళ్ళు. మలుపులో బాకా ఊదే ఆయన పరుగెత్తుకొచ్చాడు.

"మేస్త్రీ, ఏం ఊదమంటావు? ముందాళ్ళు నవ్వుతున్నారు, వెనకాళ్ళు ఏడుస్తున్నారు."

"ఏదీ వద్దు మహానుభావా!"

"ఏదో ఒకటి లేకపోతే బావుండదు. రెండూ కలిపి ఊదుతాలే."

ఇక లాభం లేదని మేస్త్రి వెనక్కి తిరిగి చేతులెత్తి అరిచాడు. "వినండయ్యా! ఇది గడియారం! వట్టి గడియారం!"

అరుగు మీదున్న రిటైరైన తెలుగు మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "కాలమే దైవం. ఎంత చక్కగా చెప్పావురా! బళ్ళో ఇంత తెలివి లేదే నీకు" అన్నారు. జనం ఇంకా దగ్గరికి జరిగారు.

నిజం చెప్పాలంటే, ఆ తరువాత జరిగినదానికి మేస్త్రినీ పూర్తిగా వెనకేసుకు రాలేం. చేతిలో గంట ఉంది. వీధి ఆయన మాట వింటోంది. ఒకటి కొడితే ఆగుతోంది, రెండు కొడితే కదులుతోంది. మూడో గుమ్మం నుంచి ఆయన అడ్డొచ్చిన సైకిళ్ళకు కాదు, గుమ్మం గుమ్మానికీ కొట్టాడు. కచేరీ వైపు కుడికి తిరగాల్సిన చోట మోసేవాళ్ళు పాత అలవాటున ఎడమకు తిరిగితే, ఆయన కాళ్ళూ వాళ్ళకన్నా ముందే తిరిగాయి.

పాత ఊరేగింపు చుట్టు సగమయ్యాక జేబు గడియారం తీసి చూసుకున్నాడు. పదీ పది. గంట టకటకా వాయించాడు. మోసేవాళ్ళు ఆగి, కదిలి, ఆగి, కదిలి, చివరికి విసుక్కున్నారు. తొందరగా నడవమనడానికి ఆ గంటలో గుర్తు లేదు.

కచేరీ చేరేసరికి పదీ నలభై. ముందుగదిలో బంట్రోతు ఒక్కడే హాజరు పట్టీ పక్కన కూర్చుని ఉన్నాడు. గోడకు మేకు కొట్టి లేదు. మేస్త్రి పెద్దాయన్ని దింపించి, తెర తీసి, లోలకం తగిలించి, ముళ్ళు ముందుకు తిప్పాడు. ముల్లు పది దాటుతుండగా గడియారం పది కొట్టింది. బంట్రోతు లేచి హాజరు పట్టీ చంకలో పెట్టుకున్నాడు.

"ఎక్కడికయ్యా?"

"ఇవాళ్టి నుంచి పెద్దగడియారం పది కొట్టగానే పట్టీ తీసుకెళ్ళి పెద్దాఫీసరు బల్ల మీద పెట్టమని సూపరింటెండెంటుగారి ఆర్డరు. ఆ తరవాత ఎవరొచ్చినా సెలవు కిందే రాసేస్తారు."

"ఆగు! అది లెక్కలోకి రాదు. ఇంకా సరిచేస్తున్నాడు" అని వెనక నుంచి ఒక గొంతు వినబడింది.

మోసినవాళ్ళలో వెనక ఎడమవైపు మనిషి కర్ర కింద పెట్టి, కళ్ళజోడు మీది పూలరెక్కలు దులుపుకున్నాడు. సూపరింటెండెంటు! కచేరీకి వస్తూ వస్తూ రెండో గుమ్మం దగ్గర ఎవరి భుజమో నొప్పెడితే కర్ర అందుకున్నాడట. ఆయన వెనక, దారిలో ఊరేగింపులో కలిసిన కచేరీ గుమాస్తాలంతా ఉన్నారు.

"చిన్నప్పుడు ఆ వీధిలో నన్ను కర్ర పట్టుకోనివ్వలేదయ్యా, పొట్టివాణ్ణని" అన్నాడాయన నేల చూపులు చూస్తూ. తరువాత గొంతు సవరించుకున్నాడు. "ఇప్పుడెంతయింది?"

"పదీ నలభై సార్. నా తప్పే."

"ఎవరి తప్పో నేనడిగానా? పదికి అయిదు తక్కువ పెట్టు."

"వెనక్కి తిప్పితే గంట విరిగిపోతుంది సార్. ముందుకే తిప్పాలి. గంటగంటకీ ఆగి కొట్టనివ్వాలి."

"కొట్టనీ!"

మేస్త్రి తన జన్మలో ఏ గడియారానికీ తప్పు వేళ పెట్టలేదు. ఒకసారి మేకు లేని గోడ వైపు చూశాడు. ఒకసారి పెద్దాయన వైపు చూశాడు. కళ్ళు మూసుకుని ముల్లు తిప్పాడు. పదకొండు, పన్నెండు, ఒకటి, రెండు... తొమ్మిది దాకా అరవై ఎనిమిది గంటలు మోగాయి. బయట జనం అరవై ఎనిమిది సార్లు తలలు వంచారు. అవ్వ నడుం పట్టేసింది. దర్జీ ఏడుపు మాని, పెద్దాయనకి ఆయుష్షు గట్టిదన్నాడు. బాకా ఆయన లెక్క తప్పి మొదటికొచ్చాడు.

గుమాస్తాలు వరసగా సంతకాలు పెట్టారు. అందరికన్నా ముందు సూపరింటెండెంటు పెట్టి, మేస్త్రి వైపు తిరిగి, ముప్పై ఏళ్ళలో మొదటిసారి నవ్వాడు. "గడియారం బ్రహ్మాండంగా నడుస్తోందయ్యా. ఇది ఇక్కడే ఉంటుంది. నెలనెలా వచ్చి చూసిపో."

ఆ రోజు కచేరీలో ఒక్కరూ ఆలస్యం కాలేదు. సూర్యుడొక్కడే ముప్పావుగంట తొందరపడ్డాడు.